కోరిక ఆమెది, పేరు అతనిది

మహానంది గుడి బయట కొట్లలో కుంకుమ పొట్లాలు, రాగి కడియాలు, ప్లాస్టిక్ బొమ్మల మధ్య సన్నటి స్థలపురాణం పుస్తకాలు వేలాడుతుంటాయి. కోనేటిలో మునిగి వచ్చిన తడిబట్టలతోనే కొందరు వాటిని కొనుక్కుని బస్సెక్కుతారు. నేను ఇలాంటి పుస్తకాలు పోగుచేస్తాను. సాహిత్య పరిశోధనలో వీటికి చోటు లేదు. శ్రీనాథుడి కాశీఖండానికి ఉంది, క్షేత్రమాహాత్మ్య కావ్యాలకు ఉంది. కొట్లో దారానికి వేలాడే పుస్తకానికి లేదు. కాని జనం చదివేది దీన్నే. బస్సులో పక్క సీటావిడకి చెప్పేదీ ఈ కథే.

కథ ఇది. నల్లమలలో శిలాదుడనే ఋషి భార్యతో ఉండేవాడు. పిల్లలు కావాలని కోరింది భార్య. తపస్సు చేసింది భర్త. శివుడు ఎదురుగా నిలబడేసరికి ఆ సంతోషంలో ఋషి, భార్య అడగమన్నది అడగటం మరిచిపోయాడు. శివుడు మరవలేదు. పుట్టలోంచి ఒక పిల్లవాడు వచ్చాడు. అతని పేరు మహానందుడు. తర్వాత ఇంకొకడు, పర్వతుడు. ఒకడు నంది అయ్యాడు, ఇంకొకడు శ్రీపర్వతమయ్యాడు. ఊరికి కొడుకు పేరు, కొండకి కొడుకు పేరు, తండ్రికి ఋషిగా పేరు. కథను కదిలించిన కోరిక ఎవరిదో ఆవిడ మాత్రం నా దగ్గరున్న ప్రతి పుస్తకంలోనూ ‘శిలాదుని భార్య’. పిల్లలు కూడా ఆమె కడుపున పుట్టలేదు, పుట్టలోంచి వచ్చారు. మహానంది గురించి చెప్పే ఇంకో కథలో ఒక ఆవు ఉంది. పుట్ట మీద పాలు కార్చేది. రాజు రాకకు బెదిరి పుట్టను తొక్కితే లింగం మీద గిట్ట గుర్తు పడిందంటారు. ఆ గుర్తును ఇప్పటికీ చూపిస్తారు. ఆవుకి ఆ మాత్రమైనా మిగిలింది.

స్థలపురాణాన్ని నేను ప్రచారసాహిత్యంగా చదువుతున్నాను. దీన్ని తిట్టుగా తీసుకోనక్కర్లేదు. ఈ చోటుకే ఎందుకు రావాలి, వస్తే ఏం ఫలం, ఇక్కడి నీళ్ళకి ఉన్న మహిమ ఏమిటి - ఇవన్నీ దూరాన ఉన్నవాళ్ళకి చెప్పి, వాళ్ళను ఇక్కడికి నడిపించటం ఈ ప్రక్రియ పని. పైగా ఇందులో ఆధారం లేకపోలేదు. 2022 దాకా కర్నూలు జిల్లాలో, ఆ తర్వాత నంద్యాల జిల్లాలో ఉన్న ఈ ఊళ్ళో నిజంగానే ఊట ఉంది. రాయలసీమ ఎండిపోయిన కాలాల్లో కూడా కోనేరు అడుగు కనపడేంత తేటగా ఉంటుంది. గుళ్ళోంచి పారే నీళ్ళతో చుట్టూ అరటితోటలు పచ్చగా ఉంటాయి. నిజంగా పారే ఒక ఊట దగ్గర కూర్చుని కథ కడతారు. కట్టేటప్పుడు ఎవరి పేరు ఉంచాలి, ఎవరిది తీసెయ్యాలి అన్నది మాత్రం కట్టేవాళ్ళ చేతిలో ఉంటుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కొంతకాలంగా పౌరసంబంధాల చరిత్ర చదువుతున్నాను. జర్నలిజం విభాగాల్లో ఈ చరిత్రను అమెరికాతో మొదలుపెట్టడం ఆనవాయితీ. 1906లో ఐవీ లీ పత్రికలకు పంపిన సూత్రాల ప్రకటన, 1923లో ఎడ్వర్డ్ బెర్నేస్ రాసిన మొదటి పుస్తకం. ఇద్దరినీ ఈ విద్యకు ‘తండ్రి’ అంటారు. ఒక్క బిడ్డకు ఇద్దరు తండ్రులు, తల్లి ఊసు లేదు. శిలాదుడి కథే నయం. మన దేశం దగ్గరికి వచ్చేసరికి 1958లో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా, 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో తొలి అఖిల భారత మహాసభ. ఆ రోజునే జాతీయ పౌరసంబంధాల దినంగా జరుపుకుంటున్నారు. చరిత్ర పాఠం అక్కడితో అయిపోతుంది, తర్వాతి అధ్యాయంలో పత్రికా ప్రకటన ఎలా రాయాలో ఉంటుంది.

‘పౌరసంబంధాలు’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పౌరుడు పుంలింగం, ఆ సంగతి అలా ఉంచండి. మన ఇళ్ళల్లో ‘సంబంధం’ అంటే పెళ్ళి సంబంధమే. సంబంధాలు చూస్తారు, కుదురుస్తారు, చెడగొడతారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్న సామెత పుట్టిన భాష మనది. పెళ్ళిళ్ళ పేరయ్య ఏం చేస్తాడో తెలిసిన వాళ్ళకి పీఆర్ అంటే ఏమిటో ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మహానంది ఉన్న ఈ నల్లమల అంచునే, ఆళ్ళగడ్డ దగ్గరి అహోబిలంలో, నరసింహస్వామి చెంచుల ఆడపిల్లను పెళ్ళాడాడు. ఏటా సంక్రాంతి తర్వాత పార్వేట ఉత్సవంలో స్వామి పల్లకీ ఎక్కి ముప్పైకి పైగా ఊళ్ళు తిరిగి, తన పెళ్ళికి రమ్మని జనాన్ని తనే పిలుస్తాడు. అటు శ్రీశైలం మల్లన్నా చెంచులకు అల్లుడే. గుడికి, అడవికి మధ్య పొత్తు కుదిర్చిన పద్ధతి ఇది. పొత్తు కుదిరింది ఒక ఆడపిల్ల మీదుగా. అయితే దీన్ని రెండువైపుల నుంచీ చదవాలనిపిస్తుంది. గుడికి ఇది భక్తుల రాక. చెంచులకు ఇది ‘మా పిల్లనిచ్చిన ఇల్లు’ అని చెప్పుకోగలిగిన హక్కు. సంబంధం అన్నాక రెండువైపులా లాగుడు ఉంటుంది. పాఠ్యపుస్తకాలు రాసినవాళ్ళు మర్చిపోయింది ఈ రెండో వైపునే.

అమెరికా కథలో కూడా రెండో వైపున ఎక్కువగా ఆడవాళ్ళే కనిపిస్తారు. 1914 ఏప్రిల్ 20న కొలరాడోలోని లడ్లోలో సమ్మె చేస్తున్న బొగ్గుగని కార్మికుల గుడారాల మీద సైనిక దళాలు, కంపెనీ మనుషులు దాడి చేశారు. కాల్పుల నుంచి తప్పించుకోవటానికి గుడారం కింద తవ్వుకున్న గోతిలో దాక్కుని ఇద్దరు ఆడవాళ్ళు, పదకొండు మంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. గనుల్లో పెద్ద వాటా రాక్‌ఫెల్లర్లది. వాళ్ళు పిలిపించుకున్న మనిషి, ఎనిమిదేళ్ళ కిందట నిజాలు మాత్రమే ఇస్తానని పత్రికలకు మాటిచ్చిన ఐవీ లీ. ఆయన దేశమంతా పంచిన కరపత్రాల్లో, ఆ చావులకు కారణం బోర్లాపడిన పొయ్యి అన్న కథనం ఉంది. కార్మికుల తరఫున ఊరూరా తిరిగిన ఎనభయ్యేళ్ళ ముసలమ్మ మదర్ జోన్స్ ఒకప్పుడు వేశ్యాగృహం నడిపిందన్న నింద కూడా ఉంది. తప్పు వంటింటి పొయ్యి మీదకి పోయింది, పోరాడిన ఆడమనిషి శీలం మీదకి పోయింది. ఇది మనకి కొత్త వ్యాకరణమా? వరకట్నం చావుల వార్తల్లో స్టవ్‌లు ఎన్నిసార్లు పేలాయో ఈ పత్రిక పాఠకులకి నేను గుర్తు చెయ్యక్కర్లేదు.

బెర్నేస్ కథ ఇంకా తెలివైనది. 1929లో ఈస్టర్ నాడు న్యూయార్క్ వీధుల్లో కొందరు అమ్మాయిలు సిగరెట్లు వెలిగించి నడిచారు. అవి ‘స్వేచ్ఛా కాగడాలు’ అని పత్రికలు రాశాయి. పిలుపులో ఒక స్త్రీవాది పేరు ఉంది. పత్రికల వాళ్ళతో మాట్లాడిన యువతి బెర్నేస్ కార్యదర్శి అని, ఖర్చు పొగాకు కంపెనీదని ఎక్కడా లేదు. స్త్రీవాద భాష చేతిలో పెట్టుకుని ఇంకెవరి పనో చక్కబెట్టడం. ఇది చదువుతుంటే నాకు గిరీశమే గుర్తొస్తాడు. చుట్ట నోట్లో పెట్టుకుని వితంతు వివాహాల మీద లెక్చర్లిచ్చే ఆ పెద్దమనిషిని గురజాడ 1890లలోనే పట్టుకున్నాడు. బెర్నేస్ కంటే ముప్పయ్యేళ్ళ ముందు. గిరీశాన్ని చూడగానే పసిగట్టింది మధురవాణి. ఆ నాటకాన్ని సంఘసంస్కరణ నాటకంగానే చదువుతూ వచ్చాం గాని, సంస్కరణ ఎలా ప్రచారమవుతుందో చూపిన నాటకంగా మనం తగినంత చదవలేదనుకుంటాను.

ఈ స్వేచ్ఛా కాగడాల ఊరేగింపు నిజానికి అంత పెద్దదీ కాదు, ఆడవాళ్ళు సిగరెట్లు తాగటం దానితో మొదలవలేదూ అని తర్వాతి పరిశోధకులు చూపించారు. దాన్ని పెద్దది చేసింది బెర్నేస్ స్వయంగా, 1965లో రాసుకున్న ఆత్మకథలో, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఇచ్చిన ఇంటర్వ్యూల్లో. నూటమూడేళ్ళు బతికాడు, చాలా ఇంటర్వ్యూలిచ్చాడు. అంటే పౌరసంబంధాల చరిత్రే ఒక పౌరసంబంధాల కార్యక్రమం. ఆ విద్య నుంచి నేర్చుకోవాల్సిన మొదటి సంగతి ఇదేనని నాకు అనిపిస్తుంది: దాని విజయాల గురించి మనకి తెలిసింది ఎక్కువగా దాన్ని అమ్మినవాళ్ళ నోటి నుంచే.

అదే ఆఫీసులో మొట్టమొదట చేరిన మనిషి డోరిస్ ఫ్లైష్‌మన్. 1919లో చేరింది. 1922లో బెర్నేస్‌ని పెళ్ళి చేసుకుని కూడా తన ఇంటిపేరు ఉంచుకుంది. 1925లో పెళ్ళైన స్త్రీగా సొంత ఇంటిపేరుతో అమెరికా పాస్‌పోర్టు సంపాదించింది. సంస్థలో సమాన భాగస్వామి. ఆలోచనలు, రాతపని సగం ఆమెవి. కాని ఖాతాదార్లను కలవటానికి ఆమె వెళ్ళేది కాదు. ఆడమనిషి చెప్పిందంటే ఆ సలహాకి విలువ పోతుందని వాళ్ళిద్దరికీ తెలుసు. ఆమె పేరును మళ్ళీ చరిత్రలోకి తెచ్చింది సుసాన్ హెన్రీ అనే పరిశోధకురాలు. 1997లో రాసిన వ్యాసానికి ఆమె పెట్టిన పేరు, సొంత పేరుతోనే అనామకురాలు అనే అర్థం వచ్చేది. పాస్‌పోర్టు మీద గెల్చుకున్న పేరు పని మీద పోగొట్టుకున్న మనిషికి అంతకంటే తగిన పేరు దొరకదు.

ఇక మన దగ్గరికి వద్దాం. కుటుంబనియంత్రణ గోడరాతల గురించి చాలామంది రాశారు. ఎమర్జెన్సీ తర్వాత ఆపరేషన్ల బరువు మగవాళ్ళ మీద నుంచి ఆడవాళ్ళ మీదకి ఎలా మారిందో, ఎర్ర త్రికోణం పక్కన నవ్వుతున్న తల్లి బొమ్మ దాన్ని ఎలా మామూలు సంగతి చేసిందో మనకి తెలుసు. నేను ఆగాలనుకుంటున్నది నెల్లూరు జిల్లా దగ్గర.

1991 ప్రాంతంలో అక్కడ అక్షరదీపం పేరుతో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. ప్రభుత్వ కార్యక్రమం, ప్రభుత్వ డబ్బు, కళాజాతాలు, వాచకాలు. ప్రచారం ఎలా చెయ్యాలో అలాగే చేశారు. వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉంది, ఒక పల్లెటూరి ఆడమనిషి సారా మీద తిరగబడిన కథ. దాన్ని చదివినవాళ్ళు చెయ్యాల్సింది అక్షరాలు నేర్చుకోవటం. వాళ్ళు అక్షరాలతో పాటు కథ కూడా చదివారు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో ఉన్న ఆడవాళ్ళు ఊళ్ళో సారాకొట్టు మూయించారు. అక్షరాస్యతకు డబ్బు పెట్టిన ప్రభుత్వమే సారాకొట్లను వేలం వేసి ఆదాయం తీసుకుంటోంది. ఒక చేత్తో రాసిన పాఠం ఇంకో చేతికి అడ్డు పడింది. ప్రచారసాహిత్యం చరిత్రలో ఇంత అందమైన ఎదురుదెబ్బ ఇంకొకటి నాకు తెలీదు. బెర్నేస్ సిద్ధాంతంలో పాఠకురాలు మెత్తటి మట్టి. నెల్లూరులో ఆమె విమర్శకురాలు.

తర్వాత జరిగింది కూడా చూడాలి. దూబగుంట కథే తర్వాతి వాచకంలో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమయింది. ఇది ఇంకో ఊరికి, ఇంకో ఊరికి పాకింది. చదివినవాళ్ళు చేసింది మళ్ళీ చదువు కావటం అరుదైన సంగతి, అక్కడిదాకా పాఠం వాళ్ళదే. 1992లో ఉద్యమం జిల్లా దాటాక అందరూ వచ్చారు. ఈనాడు రోజూ ఉద్యమానికి ప్రత్యేకంగా పేజీ కేటాయించింది. పార్టీలు వచ్చాయి, గాంధేయవాదులు వచ్చారు, సంఘాలు వచ్చాయి. ఒకరికి ఆమె దుర్గ, ఒకరికి ఇల్లు నిలబెట్టే ఇల్లాలు, ఒకరికి వర్గపోరాటం తెలియకుండానే చేస్తున్న కూలీ. ఒక్కొక్కరూ తమకి కావాల్సిన ఆడమనిషిని అక్కడ ఎలా చూసుకున్నారో 1994లో సూసీ తారు, తేజస్విని నిరంజన రాశారు. కర్నూలు జిల్లా మనిషైన కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సంపూర్ణ నిషేధం హామీతో 1994 ఎన్నికలు గెలిచిన ఎన్.టి. రామారావు దాన్ని 1995 జనవరి 16 నుంచి అమలు చేశారు. అంతకు ముందటి తన పాలనలో ‘వారుణివాహిని’ పేరుతో ప్రభుత్వ సారాని ఊళ్ళకి చేర్చింది కూడా ఆయనే. ఆ పేరు పెట్టినవాళ్ళకి సంస్కృతం బాగా వచ్చు. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు షాపులు వచ్చినప్పుడు ‘నాణ్యమైన మద్యం’ తొంభైతొమ్మిది రూపాయలకే అన్నది పాలకులు గర్వంగా చెప్పుకున్న మాట.

నిషేధం ఎత్తెయ్యటం కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇంకో మార్పు. సారా ఉద్యమం వేడి తగ్గకముందే, 1993-94లో, నెల్లూరులోనే రోజుకో రూపాయి దాచుకునే కార్యక్రమం మొదలైంది. దాని పేరు ‘పొదుపులక్ష్మి’. సారాకి పోయే డబ్బు మిగిలిందిగా, దాచుకోండి. సలహా మంచిదే. పొదుపు సంఘాల వల్ల ఆడవాళ్ళకి చేతిలో నాలుగు డబ్బులు, బ్యాంకు గుమ్మం తొక్కే ధైర్యం వచ్చాయి. దాన్ని తీసిపారెయ్యటం నా ఉద్దేశం కాదు. నేను పేరు గురించి మాట్లాడుతున్నాను. కొట్టు ముందు గుంపుగా నిలబడిన ఆడవాళ్ళు ఆ పేరులో ఒక్కొక్కరుగా విడిపోయి ఒక్కొక్క ఇంట్లో లక్ష్మి అయ్యారు. నిలదీసిన వాళ్ళు దాచుకునే వాళ్ళయ్యారు. ప్రభుత్వాన్ని అడగాల్సిన లెక్క, ఆడమనిషి తన పాస్‌బుక్కులో చూసుకోవాల్సిన లెక్క అయింది. దూబగుంట పాఠం బహువచనంలో ఉంది, ‘ఆడవాళ్ళు’. పొదుపులక్ష్మి ఏకవచనం. వ్యాకరణం చదువుకున్నవాళ్ళం కనక ఈ తేడా మనకి కనపడాలి.

అక్కడి నుంచి పుట్టిన ప్రక్రియ ‘విజయగాథ’. డ్వాక్రా నుంచి వెలుగు దాకా ప్రతి కార్యక్రమంతో పాటు ఇవి వేలల్లో అచ్చయ్యాయి. స్థలపురాణం లాగే వీటికీ సాహిత్య చరిత్రలో చోటు లేదు, స్థలపురాణం లాగే వీటినే ఎక్కువమంది చదివారు. ఈ ప్రక్రియ ఎలా పనిచేస్తుందో నాకు కొంత దగ్గరగా తెలుసు. పీహెచ్‌డీ అయ్యాక, ఉద్యోగం లేని రోజుల్లో, ఒక సంస్థకి ఇలాంటివి రాసిపెట్టాను. వాళ్ళిచ్చిన నమూనాలో గడులు ముందే గీసి ఉండేవి: ముందు పరిస్థితి, అప్పు, తర్వాత పరిస్థితి, ఫొటో, చివర ‘ఆమె మాటల్లో’. ఆ చివరి గడిలో ఉదాహరణకని ఒక వాక్యం కూడా ఉండేది. తనకిప్పుడు ధైర్యం వచ్చిందని, పిల్లల్ని చదివిస్తానని. మనిషిని కలవకముందే ఆమె మాటలు తయారుగా ఉన్నాయి. మహానంది దగ్గర అరటితోటల్లో గెలలు మోసే ఒకామె, గేదె కోసం తెచ్చిన అప్పు తీర్చింది. తీర్చటానికి ఇంకోచోట వడ్డీకి తెచ్చింది. ఆ రెండోదీ రాయమని ఆమే నాతో గట్టిగా చెప్పింది. రాశాను. అచ్చులో అప్పు తీరినట్టు ఉంది, రెండో అప్పు లేదు, ‘ఆమె మాటల్లో’ గడిలో నమూనాలోని వాక్యం ఉంది. 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థల మీద రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా అప్పు మీద అప్పు గురించి బయట ఎవరికీ తెలియనట్టే ఉండటానికి కారణాల్లో ఆ గడులు కూడా ఒకటి అనుకుంటాను. తెలిసినవాళ్ళు చెప్పారు, రాయమన్నారు కూడా.

స్త్రీల గొంతు వెతకటం మన విమర్శకి ప్రాణం. ఆత్మకథల్లో, ఉత్తరాల్లో, మౌఖిక చరిత్రల్లో వెతికాం. రేపు ఎవరో ఒకమ్మాయి ఈ కాలం గురించి పరిశోధన చేస్తూ, రాయలసీమ కూలి ఆడవాళ్ళ మాటలు ఎక్కడ దొరుకుతాయని చూస్తే ఆమె చేతికి అందేవి ఈ విజయగాథలే. ప్రభుత్వ గ్రంథాలయాల్లో, రంగుల్లో, ఫొటోలతో. ‘ఆమె మాటల్లో’ అని పైన రాసి మరీ ఉంటుంది. ఆ గొంతును గొంతుగా తీసుకుంటే మనం బెర్నేస్ ఆత్మకథ నమ్మినట్టే. మొత్తంగా కొట్టిపారేసినా నష్టమే. సీతమ్మ కథ కూడా ప్రభుత్వ పాఠమే కదా, దానిలోంచి దూబగుంట ఎలా వచ్చింది? అందుకే ఏ వాక్యం నమూనాలోది, ఏది మనిషిది, మధ్యలో ఎవరి పెన్ను ఏం కొట్టేసింది అని ప్రతిదాన్నీ విడిగా పట్టి చూడాల్సిన పని ఉంది. రాసినవాళ్ళెవరు, ఎవరు డబ్బిచ్చారు అన్నది కూడా అందులో భాగమే. ఈ రాతపని చేసింది చాలామటుకు చదువుకున్న ఆడవాళ్ళు, రచయిత్రులు, నాలాంటి నిరుద్యోగ డాక్టరేట్లు. వాటి మీద మన పేర్లు ఉండవు. సంస్థ పేరు ఉంటుంది, పథకం పేరు ఉంటుంది, ముందుమాట కింద అధికారి సంతకం ఉంటుంది. రాసినవాళ్ళ పేరూ, మాట్లాడినవాళ్ళ మాటా ఒకే అచ్చులో పోతాయి.

ఫ్లైష్‌మన్ గురించి సుసాన్ హెన్రీ రాయగలిగిందంటే, కాయితాలు మిగిలి ఉండబట్టి. మన దగ్గర ఏం మిగిలింది? అక్షరదీపం వాచకాలకి పాఠాలు రాసినవాళ్ళు, కళాజాతాలకి పాటలు కట్టినవాళ్ళు, పొదుపు సంఘాల పుస్తకాలు తయారుచేసినవాళ్ళు కొందరైనా ఈ పత్రిక చదువుతూ ఉంటారు. చిత్తుప్రతులు, ఊళ్ళలో రాసుకున్న నోట్సు, ఎర్ర ఇంకుతో కొట్టేసి తిరిగి పంపిన కాయితాలు అటకల మీద ఉంటే, ఇల్లు సర్దుకునేటప్పుడు పాతపేపర్ల వాడికి వెయ్యకండి. నాకు పంపినా సరే, దగ్గర్లో ఉన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చినా సరే. పైన మీ పేరు, ఊరు, సంవత్సరం, మీకు ఆ మాటలు చెప్పిన మనిషి పేరు ఆమె ఒప్పుకుంటే ఆమెదీ, రాసి పెట్టండి.